రెండు గేజ్‌ల నడుమ కట్టిన స్టేషన్: ఒక పాత జంక్షన్‌లో గోడల చెమ్మ కేసు

నేపథ్యం

ఇది రాయలసీమలోని ఒక పాత జంక్షన్ కేసు. ఊరి పేరు, ప్లాట్‌ఫారాల సంఖ్య, పనిచేసిన ఏజెన్సీల పేర్లు రాయడం లేదు. చూడగానే గుర్తుపట్టేసే వివరాలు ఒకటి రెండు కావాలనే తీసేశాను. నేను పాత కట్టడాల పరిరక్షణ పని చేసే ఆర్కిటెక్టుని. స్టేషన్ అభివృద్ధి పనికి డిజైన్ చేస్తున్న కన్సల్టెంటు నన్ను పిలిచి ఒక్కటే అడిగారు: ఈ బిల్డింగ్ ఉంచదగిందేనా, లేక మధ్య భాగం కొట్టేయొచ్చా?

ఆ బిల్డింగ్ ఎందుకలా ఉందో అర్థం కావాలంటే ముందు జంక్షన్ ఎందుకు పుట్టిందో చూడాలి. మద్రాసు రైల్వే మొదటి లైను 1856 జులై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా తెరిచారు. ఆ దారిలోని అరక్కోణం నుంచి వాయవ్యంగా సీమను దాటుకుంటూ పోయిన బ్రాడ్‌గేజ్ లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వేతో కలిసింది. పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. ఈలోగా, 1870లో, వైస్రాయ్ మేయో హయాంలో ఖర్చు తగ్గించుకోవడానికి ప్రభుత్వ లైన్లకు మీటర్ గేజ్ (పట్టాల మధ్య ఒక మీటరు) ఎంచుకున్నారు. ఆ తర్వాత వచ్చింది 1876–78 కరువు, మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది. 1880 నాటి కరువు కమిషన్ ఇలాంటి ప్రాంతాలకు రక్షణగా రైలు మార్గాలు వేయమని చెప్పింది. బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే ఆ కోవలోదే, మీటర్ గేజ్‌లో వేశారు. ఇలా సీమలో రెండు గేజ్‌లు ఎదురుపడ్డ చోటల్లా జంక్షన్ అంటే బండి మారే చోటు మాత్రమే కాదు, ప్రతి బస్తా ఒక వ్యాగన్‌లోంచి దించి ఇంకో వ్యాగన్‌లోకి ఎత్తే చోటు కూడా.

మన కేసులోని స్టేషన్ లేఅవుట్ అంతా ఆ అవసరంలోంచి వచ్చిందే. రెండు లైన్లు ఒక కొసన దగ్గరగా ఉండి, రెండో కొసకు పోయేకొద్దీ విడిపోతాయి. ఆ విడిపోయిన ఖాళీలో పొడవాటి బిల్డింగ్. ఒక ముఖం బ్రాడ్‌గేజ్ ప్లాట్‌ఫారం వైపు, వెనక ముఖం మీటర్ గేజ్ ప్లాట్‌ఫారం వైపు. నిజానికి వెనక అనకూడదు, రెండూ ముందరివే. రెండు వైపులా వరండాలు, రెండు బుకింగ్ కిటికీలు, మధ్యలో అటూ ఇటూ తలుపులున్న వెయిటింగ్ హాలు. ఒక బండి దిగినవాడు హాలు దాటితే రెండో బండి ఎక్కేవాడు. దానికి ఒక పక్కన రిఫ్రెష్‌మెంట్ రూము, దూరంగా ఒక గేజ్ వ్యాగన్ నుంచి ఇంకో గేజ్ వ్యాగన్‌కు సరుకు మార్చే ట్రాన్స్‌షిప్‌మెంట్ షెడ్డు. బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింట్లను రాడ్లతో తిప్పగల దూరానికి హద్దు ఉంటుంది కనుక యార్డు రెండు కొసల్లో రెండు సిగ్నల్ క్యాబిన్లు. బ్రాడ్‌గేజ్ వైపు, కాస్త ఎత్తు నేల మీద లోకోషెడ్డు, ఇంజన్లకు నీళ్లిచ్చే ట్యాంకు. ఈ ట్యాంకు సంగతి గుర్తుంచుకోండి, దీనితో పని పడుతుంది.

గోడలు వరస రాతికట్టడం. బయట చెక్కిన రాయి, లోపల సున్నంతో దట్టించిన గుండ్రాళ్లు. పైకప్పు మద్రాస్ టెర్రస్: టేకు దూలాల మీద ఇటుకలు ఐమూలగా నిలబెట్టి పేర్చి, పైన ఇటుక జల్లి సున్నం దిమ్మిస చేసింది. వరండాలకు మంగుళూరు పెంకులు. వరండా స్తంభాలు పాత పట్టాలే, నిలువునా పాతినవి. వాటి నడుం మీద తయారీదారు పేరు, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. వంద పూతల పెయింటు కింద వేలితో తడిమి చదవాలి. ఇలాంటి స్తంభం మీద 1887 అని కనిపించగానే వరండా వయసు తేలిపోయిందని సంబరపడేవాళ్లని చాలామందిని చూశాను. పట్టా ముందు లైనులో పనిచేసి, అరిగి, ఆ తర్వాతే స్తంభమవుతుంది. కనుక ఆ సంవత్సరం కన్నా ముందు వరండా లేదని మాత్రమే అది చెబుతుంది. ఇక్కడ మీటర్ గేజ్ వైపు స్తంభాల మీది సంవత్సరాలు బ్రాడ్‌గేజ్ వైపు వాటికన్నా తర్వాతివి. బిల్డింగ్ రెండు విడతల్లో పెరిగిందన్న అనుమానానికి అది ఒక ఆధారం. గోడ అతుకు దగ్గర రాళ్లు ఒకదానిలోకి ఒకటి దూరకపోవడం ఇంకో ఆధారం.

వచ్చిన సమస్య

బ్రాడ్‌గేజ్ వైపు గోడల్లో ఛాతీ ఎత్తు దాకా చెమ్మ. ప్లాస్టరు పెచ్చులుగా రాలుతోంది, కింద తెల్లటి ఉప్పు పూత. స్టేషన్ మాస్టర్ గదిలో కడప బండలు కదులుతున్నాయి. వెయిటింగ్ హాలు పైకప్పులో రెండు దూలాల కొసలు గోడలో ఉన్నచోట మెత్తబడ్డాయి. సిగ్నళ్లు నడిపే ప్యానెల్ గదిలోకి తేమ వస్తే పరికరాలకు ముప్పని సిగ్నల్ విభాగం ఫిర్యాదు కూడా ఫైల్లో ఉంది.

ఇంకోపక్క కొత్త ప్రతిపాదన. అమృత్ భారత్ స్టేషన్ పథకం కింద పెద్ద పనులు వస్తున్న రోజులు. 2023 ఆగస్టు 6న ఒకే రోజు 508 స్టేషన్లకు శంకుస్థాపన జరిగాక ప్రతి డివిజన్‌లోనూ తొందర ఉండేది. ఈ స్టేషన్‌లో వెడల్పాటి ఫుట్ ఓవర్ బ్రిడ్జి, లిఫ్టు దిగే చోటు సరిగ్గా వెయిటింగ్ హాలు మీద పడింది. హాలు ఎలాగూ నాని పాడైంది కదా, తీసేస్తే రెండు సమస్యలూ ఒకేసారి తీరతాయన్నది వాదన. అది చెడ్డవాదన కాదు. ప్రయాణికులు ఇరుకు మెట్ల మీద తోసుకుంటుంటే పాత గోడ పట్టుకుని వేలాడమని నేనూ చెప్పను. కానీ అందులో ఒక ఊహ ఉంది: చెమ్మ బిల్డింగ్ వయసుతో వచ్చిందని. అది నిజమైతే హాలు తీసేసినా మిగతా సగం అలాగే నానుతుంది. నిజం కాకపోతే హాలు తీయడానికి చెప్పిన కారణాల్లో ఒకటి పోతుంది. అందుకే బ్రిడ్జి చర్చ పక్కన పెట్టి ముందు నీళ్లెక్కడివో తేలుద్దామన్నాను.

అప్పటికే చేసినవి

ఫైళ్ల ప్రకారం, గోడల మీద ఆనవాళ్ల ప్రకారం మూడు తరాల మరమ్మతులు జరిగాయి. మొదట సున్నం పూత కొట్టేసి సిమెంటు ప్లాస్టరు. రాతిగోడ లోపలి తేమ సున్నం పూతలోంచి ఆవిరై పోతూ ఉండేది. సిమెంటు ఆ దారి మూసేసింది. దారి మూసుకుంటే తేమ ఊరుకోదు, సిమెంటు ముగిసే చోటు వెతుక్కుంటూ పైకెక్కుతుంది. రెండోది, పైన పలకలు అతికించడం: ముందు నడుం ఎత్తు టైల్స్, ఆ తర్వాత గ్రానైట్. ప్రతి విడతలోనూ చెమ్మ గీత ఒక జానెడు పైకి జరిగింది. గ్రానైట్ ప్రారంభోత్సవం రోజున చాలా బాగుంటుందనేది మాత్రం ఒప్పుకోవాలి.

మూడోది, గోడకు వరసగా రంధ్రాలు వేసి రసాయనం ఎక్కించడం. ఇటుక గోడలో ఇది కొన్నిచోట్ల పనిచేస్తుంది, ఎందుకంటే ఇటుకంతా ఒకే తీరుగా పీల్చుకుంటుంది. ఇక్కడి గోడ నడుమ గుండ్రాళ్లు, సున్నం, సందులు. ఎక్కించిన మందు సందుల్లోకి జారిపోయింది. రంధ్రాలు సిమెంటుతో మూసిన గుర్తులు ఇప్పటికీ వరసగా కనిపిస్తాయి, వాటికి పైనా కిందా సమానంగా చెమ్మ.

ఈ మూడింటిలోనూ చెమ్మను గోడ జబ్బుగానే చూశారు. గోడకు అటు ఆరడుగుల అవతల ఏముందో ఏ ఎస్టిమేట్‌లోనూ లేదు.

లేఅవుట్ చదవడం

నేను గోడ జోలికి పోకముందు యార్డు పటాలు అడిగాను. పాత పటం దొరకడానికి సమయం పట్టింది, దానికి కారణం కూడా చరిత్రే. 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే ఏర్పడింది, 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వే, 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే. గుంతకల్లు డివిజన్ దక్షిణ మధ్యలోకి వచ్చింది 1977లో. ఈ ప్రాంతపు స్టేషన్ల కాగితాలు చేతులు మారినప్పుడల్లా కొన్ని వెనకే ఉండిపోయాయి. మాకు చివరికి దొరికింది ఒక గుడ్డ పటం నకలు, మడతల దగ్గర చిరిగింది.

అందులో బిల్డింగ్ కింద నుంచి అడ్డంగా పోయే జంట చుక్కల గీత ఉంది. బ్రాడ్‌గేజ్ వైపు ట్యాంకు దగ్గర మొదలై, బిల్డింగ్ కిందుగా, మీటర్ గేజ్ యార్డు కిందుగా, అవతలి పల్లం దాకా. తూము. ఎందుకంత పెద్ద తూము పెట్టారో ఆలోచిస్తే ట్యాంకు గుర్తొచ్చింది. ఆవిరి ఇంజన్ల కాలంలో వాటర్ కాలమ్‌ల దగ్గర కారే నీళ్లు, బూడిద గుంటలు కడిగిన నీళ్లు, షెడ్డులో కడిగిన నీళ్లు రోజంతా పారేవి. నిలువుగా, యార్డు పొడవునా కాలువ తీయడం కుదరదు, ఎందుకంటే స్టేషన్ యార్డు దాదాపు సమతలంగా ఉండాలి. ఇప్పటి నియమాల్లో కూడా బ్రాడ్‌గేజ్ యార్డు వాటం (వాలు) 400కి 1 మించకూడదు, వీలైతే 1200కి 1 ఉండాలంటారు. అంత చదునులో పొడవు కాలువ పారదు, నిలుస్తుంది. అందుకే నేల సహజంగా వాలే దిక్కుకు అడ్డంగా తూము తీశారు. బిల్డింగ్ ఆ దారి మీదే ఉంది కాబట్టి దాని కింద నుంచే తీశారు.

తర్వాత మట్టాలు తీశాం. ఇక్కడ అసలు విషయం ఒకటి బయటపడింది. పాత ప్లాట్‌ఫారాలు పట్టాల మట్టానికి కొద్దిగానే ఎత్తు. బండి ఎక్కాలంటే మెట్లు ఎక్కాలి, స్టేషన్ గదిలోకి పోవాలన్నా మెట్లు ఎక్కాలి. ఇప్పటి హై లెవెల్ ప్లాట్‌ఫారం పట్టా మట్టం నుంచి 760–840 మిల్లీమీటర్లు. కంకర మారుస్తూ పోయేకొద్దీ పట్టాలు కూడా పైకి లేస్తాయి, వాటితోపాటే ప్లాట్‌ఫారం. బిల్డింగ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పునాది గోడలో నేల కింద గాలాడటానికి వదిలిన చిన్న కిటికీలు ఎక్కడా కనిపించలేదు, ప్లాట్‌ఫారం కింద పూడిపోయాయి. వెయిటింగ్ హాలు తలుపు దగ్గర నిలబడి చూస్తే కథంతా తెలుస్తుంది: టేకు తలుపులో పై చెక్క పొడుగ్గా, కింది చెక్క పొట్టిగా ఉంది. నేల పెంచినప్పుడల్లా తలుపు అడుగు కోస్తూ వచ్చారు. తలుపు వడ్రంగి అలా ఎప్పుడూ చేయడు, పై చెక్కా కింది చెక్కా కొలత కుదిర్చే చేస్తాడు. ఎంత కోశారో కొలిస్తే నేల ఎంత పెరిగిందో దాదాపుగా వచ్చేసింది.

ఇంకోటి, ప్లాట్‌ఫారం వాటం పట్టాల వైపు ఉండదు. బండి వైపు ట్రాలీలు, చక్రాల కుర్చీలు దొర్లకూడదని పట్టాలకు ఎడంగా వాలుస్తారు. మామూలు స్టేషన్‌లో ఆ నీళ్లు బిల్డింగ్ పక్క కాలువలో పడి బయటి రోడ్డు వైపు పోతాయి. ఇక్కడ బిల్డింగ్‌కు బయటి వైపంటూ లేదు. రెండు పక్కలా పట్టాలే. రెండు ప్లాట్‌ఫారాల నీళ్లూ బిల్డింగ్ గోడల మీదికే వాలతాయి.

మొదటి ప్రయత్నం, దాని ఫలితం

పటంలోని తూము ఇప్పుడు పారడం లేదు. అంతమాత్రాన అది పూడటమే కారణమని చెప్పేయడానికి వీల్లేదు. వాన నీరు గోడ మొదట్లో నిలవడం ఒక్కటే కారణమైతే పని చాలా చవకలో అయిపోతుంది: గోడ పక్కన కాలువ, సిమెంటు తీసి సున్నం. పెద్ద పని అడిగే ముందు చిన్న పని సరిపోతుందేమో చూడాలి. రెండు వైపులా ఒక్కో గది ఎంచుకుని అదే పని చేయించాం. గ్రానైట్, సిమెంటు తీసేసి, గోడ పక్కన మూతల కాలువ వేసి, లోపల సున్నం పూత.

చెమ్మ కొలవడానికి గోడకు ఆనించే ఎలక్ట్రానిక్ మీటరు మీద ఆధారపడలేదు. ఉప్పున్న గోడలో అది ఉప్పును కూడా నీళ్లుగానే లెక్కపెడుతుంది. వేర్వేరు ఎత్తుల్లో, వేర్వేరు లోతుల్లో డ్రిల్ చేసిన పొడి తీసి, తూచి, ఆరబెట్టి మళ్లీ తూచాం. శ్రమే, కానీ గోడ లోపలా బయటా తేడా దీనివల్లే తెలుస్తుంది.

వానాకాలం గడిచాక మీటర్ గేజ్ వైపు గది ఆరింది. బ్రాడ్‌గేజ్ వైపు గది ఆరలేదు. పూత రాలడం తగ్గిందంతే, గోడ లోపలి పొడిలో తడి అలాగే ఉంది. పైగా వేసవిలో కూడా ఉంది.

చిన్న పని సరిపోలేదన్నమాట. కానీ నాకు ఆ ఫలితమే కావలసింది, ఎందుకంటే రెండు గోడలూ ఒకే రాయి, ఒకే సున్నం, ఒకే వయసు కాకపోయినా ఒకే పద్ధతి. తేడా గోడల్లో లేదు, గోడల బయట ఉంది. వేసవిలోనూ తడి ఉందంటే అది వాన నీరు కాదు. మీటర్ గేజ్ లైన్లను బ్రాడ్‌గేజ్‌గా మార్చినప్పుడు (1992లో మొదలైన యూనిగేజ్ కార్యక్రమం తర్వాతి సంగతి) ఆ వైపు ప్లాట్‌ఫారం కొత్తగా కట్టి, కాలువ కూడా కొత్తగా వేశారు. బ్రాడ్‌గేజ్ వైపు ఆ పని జరగలేదు.

ఉప్పు పరీక్ష ఇంకో దిక్కు చూపించింది. బ్రాడ్‌గేజ్ వైపు గోడ పొడిలో నైట్రేట్లు, క్లోరైడ్లు ఎక్కువ. ఒట్టి భూగర్భ జలమైతే రెండు వైపులా ఒకేలా ఉండాలి. నైట్రేటు అంటే ఎక్కువగా మలమూత్రాల జాడ. బయో టాయిలెట్లు రాకముందు కోచ్‌ల మరుగుదొడ్లు నేరుగా పట్టాల మీదికే వదిలేవి. ఆ ప్లాట్‌ఫారం లైను కడగడానికి వీలుగా కాంక్రీట్ చప్టా వేసి, రోజూ జెట్‌తో కడిగేవారు. అదే ప్లాట్‌ఫారం మీద కోచ్‌లకు నీళ్లు పట్టే హైడ్రెంట్ల లైను కూడా ఉంది. కడిగిన నీళ్లూ, కారిన నీళ్లూ పోవలసింది ఒకప్పటి తూములోకే.

కారణం ఒక్కటా, రెండా? దీనికి ఒక సులువు పరీక్ష చేశాం. గోడ పక్కన చప్టా తీసి గుంత తవ్వితే అందులో నీళ్లు ఊరాయి. ముందే మాట్లాడుకుని, బండ్లకు నీళ్లు పట్టే అవసరం లేని వేళ చూసి, హైడ్రెంట్ లైను వాల్వు కట్టేయించాం. గుంతలో మట్టం దిగింది. వాల్వు తిప్పగానే కొంతసేపటికి మళ్లీ పెరిగింది. కానీ కట్టేసి ఉంచినప్పుడు కూడా గుంత పూర్తిగా ఎండలేదు. అంటే పైపు లీకు నీళ్లు తెచ్చిపెడుతోంది, తూము మూసుకుపోవడం వాటిని పోనివ్వడం లేదు. ఒకటి బాగుచేసి రెండోది వదిలేస్తే మళ్లీ ఇదే ఫైలు తెరవాలి.

తూము కోసం

ముందున్న దారులు మూడు. ప్లాట్‌ఫారం పొడవునా కొత్త కాలువ తీసి యార్డు చివర కలపడం, సంపు కట్టి మోటార్లతో తోడడం, పాత తూము తెరవడం.

పొడవు కాలువకు వాటం చాలదని పైన చెప్పాను. వాటం కోసం లోతు పెంచితే చివరికొచ్చేసరికి ప్లాట్‌ఫారం గోడ పునాది కన్నా కిందికి పోతుంది. మోటార్లు చాలామందికి నచ్చాయి, ఎందుకంటే టెండర్‌లో రాయడం తేలిక. నేను వద్దన్నాను. మోటారు పనిచేసినన్నాళ్లు గోడ ఆరుతుంది, ఆగిన వారం గోడ నానుతుంది. తడిసి ఆరడం, తడిసి ఆరడం వల్లే ఉప్పు రాయిని చీలుస్తుంది. ఎప్పుడూ తడిగా ఉండే గోడ కన్నా అది హీనం.

పాత తూము తెరవాలంటే ముందు దాని నోరు దొరకాలి. పటంలో గీత పల్లం దగ్గర ఆగింది. అక్కడికి పోతే ముళ్లకంప, గట్టు వెడల్పు చేసిన మట్టి. చూపించింది రిటైరైన ఒక గ్యాంగ్‌మన్. "ఆ తుమ్మచెట్టు కింద తూము నోరుండె సార్. వానొస్తే ఆడ నీళ్లు దూకుతాండె" అన్నాడు. గేజ్ మార్పిడిలో అదనపు లూప్ లైన్ల (ప్రధాన లైను పక్కన బండ్లు ఆగే లైన్లు) కోసం గట్టు బయటికి జరిపినప్పుడు మట్టి నోటి మీదే పోశారు. గట్టు పాదం బయట, పట్టాల బరువు పడని చోట తవ్వితే ఇటుక కమాను కనబడింది.

ఇక్కడ సాంకేతిక ప్రశ్న కన్నా పెద్దది పరిపాలన ప్రశ్న. పట్టాల కింద నీరు పోయే ఏ తూముకైనా వంతెనల రిజిస్టర్‌లో నంబరు ఉండాలి, ఏటా తనిఖీ ఉండాలి. ఇది ఆ జాబితాలో లేదు. నీళ్లు పోవడం లేదు కాబట్టి అది లేదనే లెక్క. మనం తెరిచామంటే అది మళ్లీ ఉన్నట్టు. మీటర్ గేజ్ బరువుకు కట్టిన కమాను మీద ఇప్పుడు బ్రాడ్‌గేజ్ బండ్లు పోతున్నాయన్న సంగతి కూడా కాగితం మీదికి వస్తుంది. ఆ సంతకం ఎవరు పెడతారు? బ్రిడ్జి విభాగం వాళ్ల భయం న్యాయమైనదే. దాన్ని తోసిపుచ్చి హెరిటేజ్ అంటూ ఉపన్యాసం ఇస్తే పని అక్కడే ఆగేది. అందుకే అడిగేదాన్ని మార్చాం. ఆవిరి ఇంజన్లు పోయాయి, అప్పటి నీళ్లు ఇప్పుడు లేవు, కాబట్టి తూము పూర్తి వెడల్పు అక్కర్లేదు. లోపలి పూడిక తీసి, అందులోకి చిన్న పైపు జొనిపి, పైపుకూ కమానుకూ మధ్య ఖాళీ గ్రౌటుతో (పల్చటి సిమెంటు ముద్దతో) నింపేస్తే కమాను బోలుగా ఉండదు, ఇంకా గట్టిపడుతుంది. పట్టాల కింద తవ్వకం లేదు, బండ్లు ఆపే పెద్ద ట్రాఫిక్ బ్లాకులు అక్కర్లేదు, పట్టాల కిందికి కాంక్రీట్ పెట్టె నెట్టే బాక్స్ పుషింగ్ ఖర్చు లేదు. బ్రిడ్జి విభాగం ఒప్పుకున్నది దీనికే. పనిచేసినన్నాళ్లు పైన బండ్లకు వేగ పరిమితి పెట్టారు.

బిల్డింగ్ కిందున్న ముక్కను మాత్రం వాడలేదు. గోడకు ఇవతలే ప్లాట్‌ఫారంలో అడ్డు కాలువ వేసి నీళ్లన్నీ పట్టుకుని, బిల్డింగ్ కొస చుట్టూ తిప్పి తూములో కలిపాం. మళ్లీ ఎప్పుడైనా పూడితే నీళ్లు బిల్డింగ్ కింద కాకుండా ప్లాట్‌ఫారం మీద పైకి తేలాలి. ప్లాట్‌ఫారం మీద నీళ్లు నిలిస్తే ఫిర్యాదు ఆ రోజే వస్తుంది. గోడ లోపల నిలిస్తే చాలా ఏళ్లు రాదు.

హైడ్రెంట్ లైను మార్చారు. గోడను ఆనుకుని ఉన్న ప్లాట్‌ఫారం చప్టా వెడల్పు కొంత తీసేసి, పూడిపోయిన గాలి కిటికీల దాకా గుంటలా దించి, పైన ఇనప జాలీ వేశాం.

గోడలు, పైకప్పు

నీళ్లు ఆగాక కూడా గోడలో ఉప్పు మిగిలే ఉంటుంది. ఆరుతున్నప్పుడే అది ఎక్కువగా బయటికొస్తుంది. కనుక మొదటి సున్నం పూత పాడవడానికే వేశాం, కొంచెం బలహీనంగా, ఇసుక ఎక్కువ పెట్టి. అది ఉప్పు పీల్చుకుని పొడిపొడిగా రాలాక గీకేసి, అసలు పూత తర్వాత వేశాం. ఈ రెండు పూతల నడుమ కాలంలో గోడ చూసినవాళ్లందరూ పని చెడిందనే అనుకున్నారు. ముందే రాతపూర్వకంగా చెప్పి ఉంచడం వల్ల గండం గడిచింది.

టెండర్‌లో గానుగ సున్నానికి, సుర్కీకి (ఇటుక పొడికి) రేటు ఉండదు. షెడ్యూల్‌లో లేని ఐటమ్‌గా రాసి, రేటు విశ్లేషణ కట్టి ఒప్పించాలి. ఈ కాగితం పనిని తక్కువ అంచనా వేసే వాళ్ల దగ్గరే చివరికి సిమెంటు వచ్చి చేరుతుంది. మేస్త్రీలకు సున్నం మీద చేయి తిరగడానికి నమూనా గోడ కేటాయించాం. గోనెపట్టాలు కప్పి తడపడం ఒక్కటే వాళ్లు పదేపదే మానేసేవారు, సిమెంటు అలవాటు వల్ల. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దని, సున్నమే వేయాలని పట్టుబట్టాం. రాతిని సాండ్ బ్లాస్టింగ్ చేసి మెరిపిద్దామన్న ప్రతిపాదన వచ్చింది. రాతి మీద పెంకులాంటి పొర పోతే మళ్లీ రాదు కనుక ఒప్పుకోలేదు.

దూలాల్లో కుళ్లింది కొసలు మాత్రమే, అదీ బ్రాడ్‌గేజ్ వైపు గోడలో దూరిన మేరకే. అంతవరకూ కోసి, కొత్త టేకు అతికి, పక్కలకు ఉక్కు పలకలు బిగించాం. పైకప్పు విప్పలేదు.

బ్రిడ్జి చర్చ

చెమ్మ వయసుతో వచ్చింది కాదని తేలాక హాలు తీసేయాలన్న వాదనలో మిగిలింది బ్రిడ్జి దిగే చోటు ఒక్కటే. దానికీ సమాధానం లేఅవుట్‌లోనే దొరికింది. రెండు లైన్లు విడిపోయే వైపు నేల వెడల్పు పెరుగుతూ పోతుంది. బిల్డింగ్ అయిపోయాక, రిఫ్రెష్‌మెంట్ రూము అవతల, ఒకప్పుడు ట్రాన్స్‌షిప్‌మెంట్ షెడ్డు ఉన్న చోటే ప్లాట్‌ఫారాల మధ్య ఖాళీ ఎక్కువ. గేజ్ ఒకటయ్యాక ఆ షెడ్డుకు పని లేదు, చాలా ముందే కూల్చేశారు. బ్రిడ్జి స్తంభాలకు పట్టాల నుంచి ఉండవలసిన దూరం అక్కడ సులువుగా దొరుకుతుంది. హాలు దగ్గరైతే పాత మీటర్ గేజ్ ముఖం పక్కన ఇప్పుడు బ్రాడ్‌గేజ్ లూప్ ఉంది కాబట్టి హాలు కూల్చినా స్తంభాలు ఇరుకుగానే పడేవి. డిజైన్ ఇంజినీరు కొలతలు గీసి చూపించాక బ్రిడ్జి జరపడానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ప్రయాణికులకు నడక కొంచెం పెరిగింది. ఆ సంగతి దాచకుండా రిపోర్టులో రాశాను. దానికి బదులు లిఫ్టు దిగిన చోటు నుంచి హాలు దాకా కప్పున్న దారి అడిగాం, ఇచ్చారు.

ఈ కేసు నుంచి నా పద్ధతిలో మారినవి

జంక్షన్ స్టేషన్‌లో బిల్డింగ్ కండిషన్ రిపోర్టు అడిగితే ఇప్పుడు యార్డు పటం, మట్టాలు, నీళ్ల లైన్ల పటం రాకుండా రేటు కోట్ చేయను. గేజ్ మారిన స్టేషన్ అయితే, మార్పిడికి ముందు పటం, తర్వాతి పటం ఒకదాని మీద ఒకటి వేసి చూస్తాను. చెరిగిపోయిన గీతలే ఎక్కువ సంగతులు చెబుతాయి. మట్టం పెరిగిందా అన్నదానికి తలుపు చెక్కలు, మెట్ల సంఖ్య, పూడిన కిటికీలు ముందు చూస్తాను, సర్వే తర్వాత. బిల్డింగ్ పట్టాలకు ఒక పక్కనే ఉండే మామూలు స్టేషన్‌లో ఇదే పద్ధతి ఇంత అవసరం లేదు. అక్కడ నీళ్లకు రోడ్డు వైపు దారి ఉంటుంది కాబట్టి చాలాసార్లు గోడ పక్క కాలువతోనే పని అయిపోతుంది.

హెరిటేజ్ అంటే పాత ఇంజన్‌కు రంగేసి గేటు దగ్గర నిలబెట్టడమే అనుకునే చోట తూము గురించి మాట్లాడటం కష్టం. దాన్ని ఫోటో తీయలేం, దానికి రిబ్బన్ కట్టలేం. అయినా ఆ స్టేషన్‌లో 19వ శతాబ్దపు ఆలోచన బాగా కనిపించేది నాకు దాంట్లోనే.

తర్వాతి వానాకాలాల్లో గోడల తడి కొలతలు తగ్గుతూ వచ్చాయి. మధ్య హాలు వాడకంలో ఉంది. ఒకప్పుడు దీపాలు ఉంచిన ల్యాంప్ రూము మాత్రం ఇంకా పూర్తిగా ఆరలేదు. అక్కడ గోడ పక్కనే కేబుళ్లు పోతున్నందువల్ల చప్టా దించలేకపోయాం, కనుక లోపల పూత వేయకుండా రాయి అలాగే వదిలేశాం, కొలతలు తీస్తున్నాం. పైపు మ్యాన్‌హోల్ మూతల్లో ప్లాట్‌ఫారం మీదివి వర్క్స్ వాళ్ల కింద, గట్టు పక్కవి ట్రాక్ వాళ్ల కింద వస్తాయి. మధ్యలో ఒక మూత ఎవరి కిందకూ రాకుండా మిగిలింది. జాయింట్ తనిఖీలో దాన్ని రెండు రిజిస్టర్లలోనూ ఎక్కించి, వానాకాలానికి ముందు ఇద్దరూ కలిసి తెరిచి చూడాలని రాయించాం.